సెకండ్‌హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొనేవారు ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి

అమెరికాలో 2021లో తయారీదారులు డీలర్లకు పంపిన ఆర్‌వీల (లోపలే వండుకుని పడుకునే వీలున్న ప్రయాణ బళ్ల) సంఖ్య 6 లక్షలు దాటింది. అంతకుముందు ఏ సంవత్సరంలోనూ అన్ని తయారుకాలేదు. విమానం ఎక్కడానికీ హోటల్లో దిగడానికీ జనం జంకిన కోవిడ్ రోజుల్లో ఎగబడి కొన్న ఆ బళ్లలో సింహభాగం కారుకో పికప్ ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్లే. మొదటి యజమానుల సరదా తీరిపోయాక వాటిలో చాలా ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తున్నాయి. వేసవిలో ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులను హోటళ్ల బెడద లేకుండా యెల్లోస్టోన్ దాకా తిప్పి తీసుకురావాలనుకునే తెలుగు కుటుంబాలు కూడా ఈ మధ్య వీటి గురించి ఆరా తీస్తున్నాయి.

ట్రైలర్‌లో చెడిపోయేవి రెండు రకాలని మొదటే గ్రహిస్తే సగం పని తేలికవుతుంది. టైర్లు, బ్యాటరీ, ఫ్రిజ్, ఏసీ, వాటర్ హీటర్ వంటివి పాడైతే డబ్బు పెట్టి మార్చుకోవచ్చు, వాటి ధర ఎంతో ముందే తెలుసుకోవచ్చు. పైకప్పు, గోడలు, నేల నీరు తాగి చివికిపోతే మాత్రం ఎంత దూరం విప్పితే గట్టి చెక్క తగులుతుందో మెకానిక్ కూడా ముందుగా చెప్పలేడు, బాగుచేయించే ఖర్చు బండి ధరనే మించిపోవచ్చు. అమ్మేవారు మనకు చూపించేది ఎక్కువగా మొదటి రకాన్నే: కొత్త పరుపులు, టీవీ, తళతళలాడే సింక్. మనం చూడవలసింది రెండో రకాన్ని. ఈ వ్యాసంలోని వరుస అందుకు తగినట్టే ఉంటుంది.

మొదటి దశ: మీ వాహనం ఎంత మోయగలదో లెక్క వేసుకోవడం

ట్రైలర్ ప్రకటనలు చూడకముందే మీ కారు డ్రైవర్ తలుపు తెరిచి, పక్క స్తంభం మీద అంటించిన స్టికర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది. దానినే పేలోడ్ అంటారు. కంపెనీ ప్రచారంలో కనిపించే లాగే సామర్థ్యం వేరు, ఈ పేలోడ్ వేరు. చాలామంది మొదటిది చూసి మోసపోతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఎస్‌యూవీ 7,000 పౌండ్లు లాగగలదని కంపెనీ చెప్పింది, తలుపు దగ్గరి స్టికర్ మీద పేలోడ్ 1,400 పౌండ్లని ఉంది. సామానుతో కలిపి ట్రైలర్ 6,000 పౌండ్లు తూగుతుందనుకుందాం. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ మీద, అంటే మీ కారు వెనుక భాగం మీద పడాలి. అంతకంటే తక్కువ పడితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. 12 శాతం లెక్కన 720 పౌండ్లు హిచ్ మీదకే పోయాయి. అయిదుగురు మనుషులకు 750 పౌండ్లు వేసుకుంటే మొత్తం 1,470 అయింది. ఇంకా ఒక్క సూట్‌కేసు కూడా ఎక్కించలేదు, పరిమితి అప్పుడే దాటిపోయింది. లాగే సామర్థ్యంలో మాత్రం ఇంకా 1,000 పౌండ్లు మిగిలే ఉన్నట్టు కనిపిస్తుంది.

ట్రైలర్ బరువు విషయంలో ప్రకటనలో రాసే ఖాళీ బరువును నమ్ముకోకండి. ట్రైలర్ ఎడమ గోడ ముందు భాగంలో బయటివైపు అంటించిన స్టికర్ మీద జీవీడబ్ల్యూఆర్ అనే అంకె ఉంటుంది. అన్నీ నింపుకున్నాక ఆ ట్రైలర్ తూగదగిన గరిష్ఠ బరువు అది. లెక్కలన్నీ ఆ అంకెతోనే వేయాలి. గ్యాలన్ నీళ్లు సుమారు 8.3 పౌండ్లు తూగుతాయి కాబట్టి 40 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు పెరుగుతుంది, ఇక బియ్యం మూట, కుక్కర్లు, బట్టలు ఆ పైన.

మనవాళ్ల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ వంటి మినీవ్యాన్లు గరిష్ఠంగా 3,500 పౌండ్లే లాగగలవు. టెస్లా మోడల్ వై పరిమితి కూడా అంతే, పైగా ట్రైలర్ తగిలించాక దాని రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది. ఈ వాహనాలున్నవారు స్క్యాంప్, కసీటా వంటి చిన్న ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లను చూసుకోవాలి, లేదా లాగే వాహనాన్ని కూడా మార్చక తప్పదు. ఆ ఖర్చు కూడా ట్రైలర్ బడ్జెట్‌లోదే.

రెండో దశ: ఎలాంటి నిర్మాణం, ఎంత పొడవు

అమెరికా ఆర్‌వీ పరిశ్రమకు కేంద్రమైన ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం నుంచి వచ్చే ట్రైలర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో చెక్క చట్రానికి ముడతల అల్యూమినియం రేకు కొడతారు. ఇవి చవక, దెబ్బతిన్న రేకును విడిగా మార్చుకోవచ్చు, కానీ లోపల చెక్క కుళ్లుతున్నా బయటికి ఏమీ తెలియదు. రెండో రకంలో అల్యూమినియం చట్రం, ఫోమ్, పలుచని ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్ పొరలను జిగురుతో అతికించి నున్నటి గోడ తయారుచేస్తారు. లోపలికి నీరు దిగితే జిగురు విడిపోయి గోడ పూరీలా పొంగుతుంది. దానికి సంతృప్తికరమైన మరమ్మతు దాదాపు లేదనే చెప్పాలి. రెండు పెంకులను కలిపి పోతపోసినట్టు చేసే ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లలో అతుకులు చాలా తక్కువ, అందుకే ముప్ఫై ఏళ్ల పాతవి కూడా మంచి ధర పలుకుతాయి. ఒహాయోలోని జాక్సన్ సెంటర్‌లో తయారయ్యే ఎయిర్‌స్ట్రీమ్ అల్యూమినియం శరీరం దీర్ఘకాలం మన్నుతుంది, అయితే దాని కింద ఉన్న ప్లైవుడ్ నేల మాత్రం వెనక బంపరు వైపు నుంచి కుళ్లడం పాత బళ్లలో సర్వసాధారణం. పేరు చూసి పరీక్ష మానకండి.

పొడవు విషయంలో ఆశకు కళ్లెం వేయడం మంచిది. నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో చాలా వాటికి పొడవు పరిమితి ఉంటుంది, 30 అడుగుల బండికి దొరికే చోట్లు 22 అడుగుల బండికి దొరికే వాటికంటే చాలా తక్కువ. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు మంచం ఎత్తు, మెట్ల ఎత్తు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు తప్పక చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ బంక్ బెడ్ ఎక్కలేదు.

మూడో దశ: వెళ్లేముందు ఫోన్, కాగితాలు

విన్ నంబరును (వాహన గుర్తింపు సంఖ్యను) ఫోటో తీసి పంపమని అడగండి. ఆ 17 అక్షరాలలో పదోది మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది: ఎల్ అంటే 2020, ఎమ్ అంటే 2021, ఎన్ అంటే 2022. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో ఆ మోడల్, సంవత్సరం వెతికితే ఏయే రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ ఇచ్చిన పిలుపులు) వచ్చాయో ఉచితంగా తెలుస్తుంది, ఆ పనులు పూర్తయ్యాయా అన్నది విన్ నంబరు చెప్పి తయారీదారును అడగండి. దొంగతనం, సాల్వేజ్ (బాగా దెబ్బతిని బీమా కంపెనీ వదిలేసిన బండి) రికార్డుల కోసం బీమా కంపెనీల నేర పరిశోధన సంస్థ ఎన్‌ఐసీబీ వారి ఉచిత సేవ ఉంది. టైటిల్ (యాజమాన్య పత్రం) చరిత్ర కోసం జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ ఎన్‌ఎంవీటీఐఎస్ సమాచారం ఇచ్చే నివేదికను కొద్ది డాలర్లకు కొనవచ్చు.

ఈ నివేదికలో చూడవలసింది వరద. 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ, 2022లో ఫ్లోరిడాను తాకిన ఇయన్ వంటి తుఫానుల తర్వాత మునిగిన వాహనాలు వేరే రాష్ట్రానికి వెళ్లి శుభ్రమైన టైటిల్‌తో తిరిగి మార్కెట్‌లోకి రావడం తెలిసిన వ్యవహారమే. టైటిల్ ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికి ఎప్పుడు మారిందో చూసి, తుఫాను తేదీలతో పోల్చుకోండి. చాలా పాతదీ, చవకైనదీ ఎదురైతే ఇంకో జాగ్రత్త అవసరం. 2005లో కత్రీనా తుఫాను బాధితులకు విపత్తు సహాయ సంస్థ ఫెమా ఇచ్చిన ట్రైలర్లలో ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు అధికంగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. నివాసానికి వాడకూడదన్న స్టికర్లతో వాటిని తర్వాత వేలం వేశారు, ఆ స్టికర్లు అందరి చేతుల్లోనూ అలాగే నిలవలేదు. హంగులేమీ లేని ఆ కాలపు తెల్లని ట్రైలర్ మీద స్టికర్ గీకేసిన గుర్తు కనిపిస్తే వదిలేయండి.

ఫోన్‌లోనే ఇంకొన్ని అడగాలి. టైటిల్ అమ్మేవారి పేరు మీదే ఉందా, బ్యాంకు అప్పు తీరిందా? 2021, 2022 బళ్లయితే వారంటీ కింద ఏయే మరమ్మతులు జరిగాయి, వాటి రసీదులున్నాయా? గిరాకీ తట్టుకోలేక ఫ్యాక్టరీలు హడావిడిగా కట్టిన కాలమది, నాణ్యత మీద ఫిర్యాదులు బాగా వచ్చాయి. లోపాలు బయటపడి, సరిచేయించుకుని, రసీదులు దాచుకున్న యజమాని దగ్గర కొనడం ఏ లోపమూ రాలేదని చెప్పే యజమాని దగ్గర కొనడం కన్నా నయమని నా అభిప్రాయం. చివరగా, మీరు వచ్చే ముందురోజే ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచమనీ, కరెంటు, నీళ్లు, గ్యాస్ మూడూ సిద్ధంగా ఉంచమనీ కోరండి. శీతాకాలం కోసం పైపుల్లో యాంటీఫ్రీజ్ నింపి ఉంచారు కాబట్టి నీళ్లు వదలడం కుదరదంటే, కుదిరే రోజు దాకా ఆగండి లేదా ఆ పరీక్ష పూర్తయ్యాకే పూర్తి సొమ్ము ఇచ్చేటట్టు రాయించుకోండి.

నాలుగో దశ: నీటి జాడలు

మొత్తం పరీక్షలో సగం సమయం దీనికే కేటాయించండి. వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్లండి. తలుపు తీయగానే ముందు వాసన చూడాలి. మాగుడు వాసన ఎంత అనుమానాస్పదమో, గుప్పుమనే సెంటు వాసన కూడా అంతే అనుమానాస్పదం.

యజమాని అనుమతితో నిచ్చెన వేసుకుని పైకప్పు చూడండి. ఎక్కువ ట్రైలర్లకు ఈపీడీఎమ్ లేదా టీపీఓ అనే రబ్బరు వంటి పొర పరుస్తారు. పొర కంటే ముందు పాడయ్యేది దాని మీద ఏసీ, వెంట్లు, యాంటెన్నా, అంచుల చుట్టూ పూసే సీలెంట్. అది పగుళ్లిచ్చిందా, అంచు లేచిందా అన్నది వేలితో తాకి చూడాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చూసి అవసరమైన చోట మళ్లీ పూయడం యజమాని బాధ్యత. చివరిసారి ఎప్పుడు పూశారని అడిగితే తడుముకునే మనిషి ఎప్పుడూ పూయలేదనే అనుకోవచ్చు. అయితే పైకప్పంతా కొత్తగా మెరుస్తూ, నిన్ననే పూసిన సీలెంట్ కనిపించినా సంతోషించకండి, కింద ఏం దాచారో లోపలికి వెళ్లి వెతకండి. ఎక్కే వీలుంటే అడుగు అడుగుకూ నొక్కి చూడండి, మెత్తగా దిగిన చోట కింద చెక్క పోయినట్టే.

బయటి గోడలను ఎదురుగా నిలబడి చూడటం కంటే ఒక మూల నుంచి, ఏటవాలు వెలుతురులో, గోడ పొడవునా చూపు సారించి చూడాలి. ఉబ్బెత్తు అలలుంటే అప్పుడే కనిపిస్తాయి. కిటికీల కింద, దీపాల చుట్టూ, ముందు మూలల్లో అరచేతితో నొక్కండి. నున్నటి గోడ చేతి కింద కదిలిందంటే పొరలు విడిపోయాయి.

లోపల తెరవని అల్మారా ఉండకూడదు. పై అల్మారాల మూలలు, మంచం కింద పెట్టె, భోజనం బల్ల దగ్గరి సీట్ల కింద, సింక్ కింద, షవర్ వెనక టార్చ్ వేసి చూడండి. టీ రంగు మరకలు, వాల్‌పేపరు ముడతలు, తుప్పుపట్టిన స్టేపుల్స్, చుట్టుపక్కల వాటితో పోలిస్తే కొత్తగా ఉన్న ఒక్క ప్యానెల్ మీకు కథంతా చెప్పేస్తాయి. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే రెండు సూదుల మాయిశ్చర్ మీటర్ కొనుక్కుని వెళ్లండి. బాగున్న చోట ఒక రీడింగు తీసుకుని, మూలలూ కిటికీల కింద భాగాలూ దానితో పోల్చండి. చెక్కలో చెమ్మ 20 శాతం దాటితే కుళ్లు మొదలైందనో మొదలవబోతోందనో అర్థం. నేల మీద మడమతో నొక్కుతూ నడవండి, ముఖ్యంగా తలుపు లోపల, మరుగుదొడ్డి చుట్టూ, వెనక గోడ పొడవునా.

స్లైడ్-అవుట్ (ఆగినచోట గది పెద్దది కావడానికి మోటారుతో బయటికి జరిగే గోడ భాగం) ఉంటే పూర్తిగా బయటికి, లోపలికి రెండుసార్లు నడిపించండి. రెండు వైపులా సమానంగా కదలాలి, రబ్బరు సీళ్లు చిరగకూడదు. బయటికి లాగాక కిందికి వంగి దాని అడుగు మూలలను వేలితో పొడవండి. స్లైడ్ లేని ట్రైలర్ కొంచెం ఇరుకైనా, పాతది కొనేవారికి నా సలహా అదే: నీరు దిగే దారి ఒకటి తగ్గుతుంది, చెడే మోటారు ఒకటి తగ్గుతుంది.

నీరు పైనుంచే రానక్కర్లేదు. అన్నం, సాంబారు ఉడికే ఆవిరి చిన్న గదిలో చల్లటి గోడలకు పట్టి చెమ్మ చేస్తుంది. అందుకే స్టవ్ మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ నిజంగా బయటికి గాలి పంపుతోందా, బయటి మూత తెరుచుకుంటోందా అన్నది చూడండి. చాలా బళ్లలో ఆ మూతకు ప్రయాణంలో బిగించే క్లిప్పులు ఉంటాయి, వాటిని ఒక్కసారి కూడా తీయని యజమానులున్నారు. ఇంగువ తాలింపు వేసేవారికి ఈ ఫ్యాన్ అలంకారం కాదు.

ఈ దశలో మెత్తటి నేల, పొంగిన గోడ, తడి రీడింగులు కనిపిస్తే ధర ఎంత తగ్గిస్తానన్నా వెనక్కి రండి. మిగతా దశలు చూడనక్కర్లేదు.

అయిదో దశ: కింద ఉన్నవి

చాప వేసుకుని కిందికి దూరండి. చట్రం మీద పైపై తుప్పు సహజమే, పొరలుగా రాలే తుప్పు కాదు. ముందు భాగంలో త్రికోణాకారంగా ఉండే హిచ్ చట్రం వెల్డింగుల దగ్గర, స్ప్రింగులను పట్టి ఉంచే హ్యాంగర్ల దగ్గర వెంట్రుకంత పగుళ్లు వెతకండి.

టైర్ల వయసు టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివరి నాలుగు అంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్లు ఎక్కువ కాలం కదలకుండా ఎండలో ఉంటాయి కాబట్టి గాడులు కొత్తగా కనిపించినా అయిదారేళ్లు దాటితే మార్చడమే క్షేమం. ఒక టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే ఇరుసు వంగిందేమో అనుమానించండి. చక్రాల బేరింగులకు ఏడాదికో 12,000 మైళ్లకో ఒకసారి గ్రీజు మార్చాలన్నది సాధారణ నియమం, దాని రసీదు అడగండి.

చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దానంతట అదే ఆగడానికి బ్రేక్‌అవే స్విచ్ ఉంటుంది. కారుతో ఉన్న కరెంటు ప్లగ్ తీసేసి, ఆ స్విచ్ పిన్ను లాగి, కారుతో మెల్లగా ముందుకు లాగితే చక్రాలు బిగుసుకోవాలి. పరీక్ష అవగానే పిన్ను తిరిగి పెట్టేయండి.

ఆరో దశ: నీళ్లు, గ్యాస్, కరెంటు

ట్యాంకులో కొద్దిగా నీళ్లు పోసి పంపు ఆన్ చేయండి. కుళాయిలు తెరిచి, గాలి పోయాక, అన్నీ కట్టేయండి. పంపు కొన్ని క్షణాల్లో ఆగిపోయి నిశ్శబ్దంగా ఉండాలి. ఎవరూ కుళాయి ముట్టకుండానే అది మళ్లీ మళ్లీ కొట్టుకుంటోందంటే ఎక్కడో కారుతోంది. చలి రాష్ట్రాల బళ్లలో గడ్డకట్టి పగిలిన పైపులు ఈ ఒక్క పరీక్షతోనే బయటపడతాయి. వాటర్ హీటరును నీళ్లు నిండాయని రూఢి చేసుకున్నాకే కరెంటు మీద ఆన్ చేయాలి, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ కాలిపోతుంది.

పాత ట్రైలర్ల ఫ్రిజ్‌లు గ్యాస్ మీదా కరెంటు మీదా నడుస్తాయి, లోపల అమ్మోనియా తిరుగుతుంది. చల్లబడటానికి వాటికి చాలా గంటలు పడుతుంది, ముందురోజే ఆన్ చేయించమన్నది అందుకే. బయటి జాలీ తలుపు తీసి వెనక చూసినప్పుడు పసుపుపచ్చ పొడి పేరుకుని ఉన్నా, ముక్కు మండించే ఘాటు వాసన వచ్చినా కూలింగ్ యూనిట్ చెడినట్టే. 2000 దశకంలో నిప్పు అంటుకునే ప్రమాదం వల్ల డొమెటిక్ సంస్థ లక్షల సంఖ్యలో ఇలాంటి ఫ్రిజ్‌లను రీకాల్ చేసింది. ఆ కాలపు బండి అయితే రీకాల్ పని జరిగిందో లేదో చూడండి.

లోపల వేడినిచ్చే ఫర్నేసును ఎండాకాలమైనా వెలిగించి చూడండి, ఏసీని కనీసం అరగంట నడపండి. గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లను ఊడదీసి వెనక ముద్రించిన తేదీ చదవండి. గడువు దాటినవైతే ధర చూడకుండా మార్చాలి. గ్యాస్ గొట్టాలను మాత్రం సొంత తెలివితో తేల్చకండి, ప్రెషర్ పరీక్ష టెక్నీషియన్ పని.

కరెంటు విషయంలో మన వంటకు సంబంధించిన లెక్క ఒకటుంది. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. అందులో తప్పేమీ లేదు, కానీ ప్లగ్ కొనలు నల్లబడి, కరిగి ఉంటే మాత్రం పాత యజమాని ఆ పరిమితితో పోరాడాడని అర్థం. ఆ తీగలను ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. విశ్రాంతిలో ఉన్న నిండు లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, కరెంటుకు తగిలించగానే 13 దాటాలి. దాటకపోతే బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్ పనిచేయడం లేదు.

ఏడో దశ: ఇన్‌స్పెక్టర్, బేరం, చెల్లింపు

ఇంత చూశాక కూడా బండి నచ్చితే, ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం ఎన్‌ఆర్‌వీఐఏ ధ్రువీకరణ ఉన్న స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించండి. ఫీజు వందల డాలర్లలో ఉంటుంది, అయిదారు వేల డాలర్ల బండికి అది బరువనిపించవచ్చు, ఇరవై వేలు దాటిన బండికి మాత్రం మానేయడం అవివేకం. ఇన్‌స్పెక్షన్‌కు ఒప్పుకోని అమ్మకందారుతో వాదన అనవసరం.

ధరకు ఆధారంగా జె.డి. పవర్ విలువల పట్టికను, అదే మోడల్‌కు చుట్టుపక్కల రాష్ట్రాల్లో అడుగుతున్న ధరలను చూసి, అందులోంచి టైర్లు, బ్యాటరీ, డిటెక్టర్ల వంటి మీరు కళ్లారా చూసిన ఖర్చులను ఒక్కొక్కటిగా తీసేయండి. సీజన్ ముగిసిన అక్టోబరు, నవంబరు నెలల్లో అమ్మేవారికి ట్రైలర్‌ను చలికాలమంతా నిలిపి ఉంచే బాధ ఎదురుగా ఉంటుంది కాబట్టి బేరం తేలిగ్గా కుదురుతుంది. అప్పు తీరని బండి అయితే సొమ్మును అమ్మేవారి చేతికి ఇవ్వకుండా, అప్పిచ్చిన బ్యాంకులోనే కట్టి లియన్ (బండి మీద బ్యాంకు హక్కు) రద్దయినట్టు కాగితం తీసుకోండి. ట్రైలర్ నష్టానికి కారు బీమా సాధారణంగా వర్తించదు, విడి పాలసీ తీసుకున్నాకే రోడ్డెక్కండి.

ఎనిమిదో దశ: ఇంటికి తెచ్చేరోజు

కారులో బ్రేక్ కంట్రోలర్ (డ్రైవర్ బ్రేకు వేస్తే ట్రైలర్ బ్రేకులను కూడా పనిచేయించే పరికరం) ముందే బిగించి ఉండాలి. దీపాలు, ఇండికేటర్లు, గొలుసులు సరిచూసుకుని, టైర్లలో గాలిని చల్లగా ఉన్నప్పుడే స్టికర్ మీద చెప్పినంత నింపండి. ట్రైలర్ టైర్లలో చాలా వాటికి గంటకు 65 మైళ్లే పరిమితి. బయల్దేరిన 50 మైళ్లకు ఆగి చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి, హబ్‌లను (చక్రాల మధ్య భాగాలను) చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోంది, అక్కడే ఆపి చూపించాలి. మొదటిసారి సామాను, నీళ్లు, మనుషులతో నిండుగా బయల్దేరినప్పుడు ట్రక్ స్టాప్‌లలో ఉండే క్యాట్ స్కేల్ మీద కొన్ని డాలర్లకు తూకం వేయించి, మొదటి దశలో కాగితం మీద వేసుకున్న లెక్కతో సరిపోల్చుకోండి. తేడా వస్తే ముందు తీయవలసింది ట్యాంకులోని నీళ్లు, చేరిన చోట మళ్లీ నింపుకోవచ్చు.